కావేరీతీరమున కాకర్లవారి దీపము



పాఠక మహాశయులారా! ఈ సంచికలో మన ఆలయ చరిత్రను, శిల్పవిశేషములను, కుంభాభిషేక విధానమును పెద్దలు వ్రాసియున్నారు. నేను మరియొక విషయమును మీ ముందుంచ దలచితిని. దానికి కారణమైన చిన్న సంఘటనను మొదట చెప్పెదను.

ముఖమండపమున పాత నేలరాళ్లను తొలగించుచుండగా ఒక శిలాఫలకము బయల్పడినది. నిత్యదీపారాధనకై కొంత మాగాణి నిచ్చిన ఒక గృహస్థుని గోత్రనామములు దానిపై చెక్కబడియున్నవి. గోత్రము స్పష్టముగా నున్నది. పేరులో సగము అరిగిపోయినది. ఊరి పెద్దలను విచారింపగా ఆ ఇంటివారెవ్వరును ఇప్పుడు ఈ ప్రాంతమున లేరని తేలినది. "వారి వంశమే లేదు గదా, ఈ రాయిని మరల నిలుపుట ఎవరికొరకు?" అని సమావేశమున ఒకరు అడిగిరి. వారు చెడుతలపుతో అడుగలేదు, స్థలము చాలక అడిగిరి. అదే సాయంకాలము ఒక వృద్ధ దాత నా యొద్దకు వచ్చి, "అయ్యవారూ! మా పిల్లలు సముద్రాలు దాటి స్థిరపడ్డారు. వాళ్ల పిల్లలకు మన మాటే సరిగా రాదు. రేపు ఈ దీపం ఎవరు చూస్తారు? రాతిమీద నా పేరెందుకు?" అని కన్నీరు పెట్టుకొనిరి.

ఈ రెండు ప్రశ్నలును నిజమునకు ఒక్కటే. ఊరు విడిచి వెళ్లిన కుటుంబము ఏమగును? సంతతి నిలువని ఇంటి ధర్మమునకు వారసులెవరు? దీనికి సమాధానముగా, స్వగ్రామమును విడిచి దూరదేశమున స్థిరపడిన ఒక తెలుగు కుటుంబము యొక్క కథను మనవిచేయుచున్నాను. ఆ కుటుంబము కాకర్లవారిది. ఆ వంశమున జన్మించినవారే నాదబ్రహ్మోపాసకులు శ్రీ త్యాగరాజస్వామివారు. స్వామివారి కీర్తనలను మీరందరును ఎరుగుదురు. వారి ఇంటి కథను ఎరిగినవారు కొందరే యుందురు.

పుట్టినిల్లు

నల్లమల కొండల చెంత, గుండ్లకమ్మ నీటిపై ఆధారపడిన కంభము చెరువు ప్రాంతమున, అర్ధవీడు మండలమున కాకర్ల యను గ్రామము కలదు. త్యాగరాజస్వామివారి పూర్వికుల ఇంటిపేరు ఈ గ్రామము పేరే. వారు భారద్వాజ గోత్రులు, ములకనాటి శాఖకు చెందిన వైదిక బ్రాహ్మణులు.

మన పెద్దలు ఊరు విడిచినప్పుడు భూమిని తీసికొనిపోలేరు, ఇంటిని తీసికొనిపోలేరు. ఊరి పేరును మాత్రము ఇంటిపేరుగా మోసికొని పోవుదురు. మూడు వందల సంవత్సరములు గడచినను, నోట అరవము పలుకవలసి వచ్చినను, "మాది కాకర్లవారి ఇల్లు" అని చెప్పుకొనుటచేతనే నేడు మనకు ఆ గ్రామము జ్ఞప్తియందున్నది.

సంకల్పములో మనము చెప్పుకొను మాటలను మీరు గమనించియుందురు. శ్రీశైలమునకు ఏ దిక్కున నున్నామో, ఏ నదుల నడుమ నివసించుచున్నామో మొదట చెప్పుకొందుము. తరువాత గోత్రమును, నామధేయమును చెప్పుకొందుము. ఊరు మారినవాడు దిక్కును, నదిని మార్చి చెప్పుకొనును. గోత్రమును మార్చడు. శ్రీశైల శిఖరములున్న కొండల నీడను విడిచి కావేరీతీరమునకు చేరిన నాడు కాకర్లవారి సంకల్పమునందును ఇంతే జరిగియుండును.

వలసకు కారణము

ఆ కుటుంబమువారు అంత దూరము ఎందులకు వెళ్లిరి? ఇది ఆ ఒక్క ఇంటివారి సంగతి కాదు. విజయనగర చక్రవర్తుల కాలమున తంజావూరు రాజ్యము తెలుగు నాయకుల చేతికి వచ్చెను. 16వ శతాబ్దమున చెవ్వప్ప నాయకుడు ఆ వంశమున మొదటి పాలకుడు. 1565లో రక్కసితంగడి యుద్ధమున విజయనగరము పతనమైన పిదప ఆంధ్రదేశమున అనేక ప్రాంతములు కల్లోలమున పడెను. వేదాధ్యయనమునకును, కవిత్వమునకును, సంగీతమునకును ఆదరణ తగ్గెను. అదే కాలమున కావేరీ మండలమున నీరు, ధాన్యము, రాజాశ్రయము మూడును సమృద్ధిగా నుండెను. అచ్యుతప్ప నాయకుడు, రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు పండితులకు అగ్రహారముల నిచ్చి పోషించిరి. రఘునాథ నాయకుడు స్వయముగా తెలుగున కావ్యములు రచించెను. చేమకూర వేంకటకవి ఆయన ఆస్థానమున వెలసిన కవియే.

ఆ వలసల గుర్తులు నేటికిని చెరిగిపోలేదు. తంజావూరు సమీపమున మేలట్టూరు గ్రామము అచ్యుతప్ప నాయకుని పేర అచ్యుతాబ్ధి యని పిలువబడెను. అచ్చట నృసింహ జయంతి ఉత్సవములందు ప్రహ్లాద చరిత్రమును తెలుగు భాషలోనే భాగవతమేళముగా ప్రదర్శించుచున్నారు. అట్లు వెళ్లి స్థిరపడిన అనేక కుటుంబములలో కాకర్లవారిది ఒకటి.

1673లో నాయకరాజ్యము అంతరించెను. కొలది కాలమునకే మహారాష్ట్ర భోసల వంశీయులు తంజావూరు సింహాసనము నెక్కిరి. క్రొత్త రాజుల మాతృభాష మరాఠీ, ప్రజల భాష అరవము. అయినను ఆస్థానమున తెలుగునకు గౌరవము తగ్గలేదు. 1684 నుండి పాలించిన షాహజీ మహారాజు తానే తెలుగున యక్షగానములను రచించెను. వలసవెళ్లినవారి విద్య ఆ ప్రాంతమువారికి అవసరమైన విద్యగా నుండుటచేత, రాజు మారినను వారి పీట కదలలేదు.

మూడు తరములు

షాహజీ మహారాజు ఆస్థానమున యక్షగానములు రచించిన గిరిరాజకవి త్యాగరాజస్వామివారికి తాతగారని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. కాకర్లవారు ఆ నాటికి తిరువారూరులో స్థిరపడియుండిరి. తిరువారూరు సామాన్యమైన ఊరు కాదు. అచ్చట వెలసిన పరమేశ్వరుడు త్యాగరాజస్వామి. అమ్మవారు కమలాంబ. కర్ణాటక సంగీతమునకు త్రిమూర్తులనదగిన శ్యామశాస్త్రిగారు 1762లోను, త్యాగరాజస్వామివారు 1767లోను, ముత్తుస్వామి దీక్షితులవారు 1775లోను ఆ ఒక్క క్షేత్రముననే జన్మించిరి.

త్యాగరాజస్వామివారి తండ్రి కాకర్ల రామబ్రహ్మముగారు, తల్లి సీతమ్మగారు. రామబ్రహ్మముగారు శ్రీమద్రామాయణ ప్రవచనమున దిట్ట. రెండవ తుళజా మహారాజు ఆయన పాండిత్యమును ఆదరించి తిరువయ్యారు క్షేత్రమున తిరుమంజన వీధిలో ఒక గృహమును, కొంత భూమిని ఇచ్చెనని ప్రసిద్ధి. తిరువయ్యారు తంజావూరునకు ఉత్తరమున కావేరి ఒడ్డుననున్న పంచనద క్షేత్రము. పంచనదీశ్వరుడు అచ్చటి దైవము. తిరుమంజన వీధి యనగా స్వామివారి అభిషేకమునకు నదినుండి తీర్థము తెచ్చు త్రోవ. కాకర్లవారికి కావేరీతీరమున దొరికిన ఇల్లు అభిషేకజలము నడచు వీధిలో దొరుకుట దైవసంకల్పమని నా విశ్వాసము.

ఆ ఇంటి పిల్లవానికి తిరువారూరు స్వామి పేరే పెట్టిరి. ఆయన జన్మదినము 1767 మే 4. తల్లి నోట పురందరదాసులవారి పదములను, భద్రాచల రామదాసుగారి కీర్తనలను విని పెరిగెనని చెప్పుదురు. సంగీతమును శొంఠి వేంకటరమణయ్యగారి సన్నిధిని అభ్యసించెను. శొంఠివారును తెలుగువారే. వలసవెళ్లిన ఒక తెలుగింటి విద్య మరియొక తెలుగింటి బాలునకు ఈ విధముగా సంక్రమించినది.

వారి కాలము సుఖమయమైనదని అనుకొనవలదు. 1781లో హైదరాలీ దండయాత్రచేత కావేరీ మండలము దగ్ధమాయెను. కాలువలు తెగిపోయి, పంటలు నశించి, ప్రజలు చెల్లాచెదరైరి. అప్పటికి త్యాగరాజస్వామివారి వయస్సు 14 సంవత్సరములు. 1799లో తంజావూరు పాలనాధికారము ఆంగ్ల కంపెనీవారి వశమాయెను. ఇట్లు రాజ్యము చేతులు మారుచుండగా తిరుమంజన వీధిలోని ఆ ఇంట రామనామజపము మాత్రము ఆగలేదు. స్వామివారు 96 కోట్ల రామనామ జపమును పూర్తిచేసిరని శిష్యసంప్రదాయము చెప్పుచున్నది. ఉంఛవృత్తి చేసి వీధులలో భజన చేయుచు, లభించిన బియ్యముతో తాము భుజించి, శిష్యులకును పెట్టుచుండిరి. రాజాస్థానమునుండి పిలుపు వచ్చినను వెళ్లలేదని చెప్పుదురు.

దాతలారా! ఒక విశేషమును గమనింపుడు. తాతతండ్రులు రాజాశ్రయముచేత నిలిచిన ఇంట మూడవ తరమువాడు రాజాశ్రయమును వలదనెను. ఇది పూర్వులను తిరస్కరించుట కాదు. వారు ఊరు విడిచి తెచ్చిన విద్యను దేనికి వినియోగింపవలయునో నిర్ణయించుకొనుటయే.

అన్నదమ్ములు

ఈ నిర్ణయము ఇంటిలో కలతకు కారణమాయెను. స్వామివారి అన్నగారు జప్యేశులు. తమ్ముని విద్యవలన కుటుంబమునకు ఐశ్వర్యము కలుగవలెనని ఆయన ఆశ. తమ్ముడు అంగీకరింపకపోగా ఆస్తి పంపకములు జరిగెననియు, కోపమున అన్నగారు పూజావిగ్రహములను కావేరిలో పడవేసిరనియు, స్వామివారు బహుకాలము పరితపించి తిరిగి పొందిరనియు కథ ప్రచారమున నున్నది. హరికథలయందును, నాటకములయందును, చలనచిత్రములయందును ఈ ఘట్టమును చూచి మనమందరమును జప్యేశులను నిందించియున్నాము.

కాని తరువాతి కథను మనము చెప్పుకొనము. స్వామివారు పూజించిన ఆ శ్రీరామ విగ్రహములు కాలక్రమమున ఆ అన్నగారి సంతతివారికే చేరినవి. తంజావూరులో వారు తరతరములుగా ఆ మూర్తులకు పూజలు జరుపుచు వచ్చిరి. ఏ చేయి విగ్రహములను నదిలో విడిచెనని లోకము చెప్పుకొనుచున్నదో, ఆ చేతి సంతతియే వాటికి నైవేద్యము పెట్టినది. ఒక తరమున పొరపాటు జరిగినంత మాత్రమున ఆ ఇంటి శాఖను ధర్మమునుండి వెలివేయరాదని నేను దీనివలన గ్రహించితిని. మన ఊళ్లలోను దాయాదుల వివాదములచేత దేవుని కైంకర్యమునకు దూరమైన కుటుంబములు కలవు. వారిని ఈ కుంభాభిషేకమునకు పిలువవలసినదిగా నా ప్రార్థన.

సంతతి లేని ఇల్లు

స్వామివారి మొదటి భార్య పార్వతమ్మగారు చిన్న వయస్సుననే పరమపదించిరి. పిదప ఆమె సోదరి కమలాంబగారిని వివాహమాడిరి. వారికి సీతాలక్ష్మి యను ఒక్క కుమార్తె కలిగెను. కుమారులు లేరు. ఆ కుమార్తెకు ఒక కుమారుడు జన్మించెను. ఆ మనుమడు సంతానము లేకయే గతించెను. స్వామివారి సంతతి అంతటితో ఆగినది.

1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు, అంతకు పూర్వమే సన్న్యాసాశ్రమమును స్వీకరించిన స్వామివారు సిద్ధిపొందిరి. కావేరి ఒడ్డున వారికి సమాధి నిర్మింపబడెను. 1855లో తంజావూరు రాజ్యమును ఆంగ్లేయులు కలుపుకొనిరి. పుత్రుడు లేడు, రాజు లేడు. ఆ చిన్న బృందావనము ఏటి ఒడ్డున ఒంటరిగా మిగిలెను. కాలక్రమమున చెట్టుచేమలు పెరిగి, ఇటుకలు రాలి, సమాధి శిథిలావస్థకు చేరుకొన్నది.

"వంశము లేదు గదా, ఎవరికొరకు?" అను మాట ఆనాడు తిరువయ్యారులోను ఎవరో ఒకరు అనియుందురు.

వారసులు ఎవరు?

ఇప్పుడు అసలు సంగతికి వచ్చితిమి. స్వామివారి విద్యను భద్రపరచినవారు ఎవరు? వాలాజపేట వేంకటరమణ భాగవతులవారు సౌరాష్ట్ర కులమున జన్మించినవారు. వారి పూర్వికులును ఘూర్జర దేశమునుండి దక్షిణమునకు వలసవచ్చినవారే. ఆయన గురువుగారి కీర్తనలను శ్రద్ధతో వ్రాసి కాపాడెను. ఆయనయు, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతులును కాపాడిన వ్రాతప్రతులు మధుర నగరమున సౌరాష్ట్ర సభకు చేరినవి. ఒక వలస ఇంటి సంపదను మరియొక వలస ఇంటివారు కాపాడుట ఇందలి విశేషము.

ఉమయాళ్పురము కృష్ణ భాగవతులు, సుందర భాగవతులు అను సోదరులు స్వామివారి శిష్యులు. గురువుగారు సిద్ధిపొందిన అర్ధశతాబ్దమునకు పిమ్మట, ముదిమి మీదబడిన వయస్సున, 1903లో వారు ఆ సమాధి దుస్థితిని చూచి పునరుద్ధరించిరి. తరువాత తిల్లైస్థానపు శిష్యపరంపరవారును, ఇతర విద్వాంసులును ఆరాధనోత్సవములను ఏర్పరచిరి. మనుష్యులు గదా! వారిలో పక్షములేర్పడినవి. పెద్ద కట్చి, చిన్న కట్చి అని రెండు వర్గములై వేరువేరుగా ఆరాధనలు జరిపిరి.

ఈ దశలో ఒక స్త్రీమూర్తి వచ్చిరి. ఆమె బెంగుళూరు నాగరత్నమ్మగారు. 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో దేవదాసీ కుటుంబమున జన్మించిరి. కన్నడము, తెలుగు, సంస్కృతము నేర్చిన విదుషి. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనమును 1910లో పరిష్కరించి ప్రకటింపజేసినవారు ఆమెయే. మదరాసులో సంగీతమున కీర్తిని, ధనమును విశేషముగా ఆర్జించిరి. 1921లో ఆమె గురువు బిడారం కృష్ణప్పగారు తిరువయ్యారు సమాధి దుస్థితిని గూర్చి ఆమెకు జాబు వ్రాసిరి.

ఆమె కాకర్లవారి ఆడపడుచు కాదు, కోడలు కాదు. ఆ ఇంటితో రక్తసంబంధము ఏమియు లేదు. అయినను తిరువయ్యారునకు వెళ్లి, సమాధియున్న స్థలమును సంపాదించి, 1921లోనే శంకుస్థాపన చేయించిరి. తమ ఆభరణములను, ఆర్జనను వెచ్చించి ఆలయమును నిర్మింపజేసిరి. 1925 జనవరి 7న కుంభాభిషేకము జరిగెను. నేడు మన ఊరిలో మనము చేసికొనుచున్న ఉత్సవమే నూరేండ్ల క్రితము ఒక్క స్త్రీ సంకల్పబలమున ఆ నదీతీరమున జరిగినది.

ఒక చేదు నిజమునుకూడ చెప్పవలసియున్నది. ఆమె కట్టించిన ఆ సన్నిధియందే, స్త్రీ యను కారణముచేత, ఆరాధనోత్సవమున పాడుటకు ఆమెకు అవకాశము నీయలేదు. ఆమె కోపించి ఆలయమును విడిచి వెళ్లలేదు. స్త్రీలకొరకు వేరుగ ఆరాధనను ఏర్పరచిరి. అనేక సంవత్సరముల పిదప పక్షములన్నియు ఏకమై 1941 నుండి ఒక్కటిగా ఆరాధన సాగినది. స్త్రీలు పాడుటకు నోచుకొనిరి. ఆమె 1952 మే 19న పరమపదించిరి. ఆమె సమాధియు స్వామివారి సన్నిధికి సమీపముననే కలదు. చేతులు జోడించి స్వామివైపు చూచుచున్న ఆమె శిలావిగ్రహము అచ్చట కలదు. ఆమె తన ఆస్తిని ఆ సన్నిధి కైంకర్యమునకే వ్రాసియిచ్చిరి.

అర్చకవృత్తిలో ముదిమికి చేరినవాడను, శాస్త్రము చదివినవాడను. దేవుని సేవకు యోగ్యులెవరని ఎవరైన నన్నడిగినప్పుడు నాగరత్నమ్మగారి శిలావిగ్రహమునే తలచుకొందును.

విద్య పుట్టింటికి వచ్చుట

కాకర్ల గ్రామము విడిచిన కుటుంబము తిరిగి రాలేదు. 1839 ప్రాంతమున స్వామివారు కాంచీపురమునకును, మదరాసు ప్రాంతమునకును, తిరుమలకును యాత్రచేసిరి. వేంకటేశ్వరుని దర్శించి, తిరిగి కావేరీతీరమునకే వెళ్లిరి. అయినను వారి విద్య మాత్రము పుట్టింటికి వచ్చినది. ఆ వృత్తాంతమును తెలుగువారు తప్పక తెలిసికొనవలెను.

స్వామివారికి బంధువును, శిష్యుడును అయిన మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారి ఇంటిపేరు ఆకుమడుగులవారు. ఆయనయొద్ద కృష్ణాతీరమునుండి వెళ్లి సంగీతము నభ్యసించినవారు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు. ఆయన తిరిగివచ్చి పెదకళ్లేపల్లి ప్రాంతమున ఆ విద్యను నాటిరి. ఆయన శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. పంతులుగారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. లెక్కించి చూడుడు. త్యాగరాజస్వామి, వేంకటసుబ్బయ్య, దక్షిణామూర్తి శాస్త్రి, రామకృష్ణయ్య పంతులు, బాలమురళీకృష్ణ. గురుపరంపరలో స్వామివారికి ఐదవ స్థానమున నున్నవారి గానమును మనము ఆకాశవాణిలో విన్నాము. 2016 వరకు వారు మన మధ్య నుండిరి.

ప్రతి సంవత్సరము పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో తిరుమంజన వీధి ఇంటినుండి సమాధివరకు ఉంఛవృత్తి భజన బయలుదేరును. పిమ్మట నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగములందలి పంచరత్న కీర్తనలను వందలాది విద్వాంసులు ఏకకంఠముగ పాడుదురు. పాడువారిలో పెక్కుమంది మాతృభాష తెలుగు కాదు. అరవము, కన్నడము, మలయాళము మాటలాడువారు తెలుగు అక్షరములను భక్తితో నేర్చి పాడుచున్నారు. ఆ దినమున గాయకులందరును కాకర్లవారి బిడ్డలే.

నూతన శిలలు, పురాతన కళలు

జీర్ణోద్ధరణము మొదలగు నాడు మనము చేసిన కార్యమును స్మరింపుడు. మూలబింబమునందలి కళలను మంత్రపూర్వకముగా కలశజలమున ఆకర్షించి, బాలాలయమున నిలిపితిమి. ఆ తరువాతనే పని మొదలైనది. రాళ్లు తీసిరి, సున్నము గీకిరి, గోడలు విప్పిరి. నెలల తరబడి స్వామి చిన్న పందిరిలో నుండి మన పూజలందుకొనెను. ఇప్పుడు ఆ కలశములందలి కళలను తిరిగి బింబమున ప్రతిష్ఠింపబోవుచున్నాము. రాతి కట్టడము క్రొత్తది కావచ్చును. స్వామి క్రొత్తవాడు కాడు.

వలసవెళ్లిన కుటుంబము సైతము ఇట్టి కలశమే. కాకర్లవారు నల్లమల చెంత తమ ఇంటిని విడిచి, తమ ఆచారమును, భాషను, రామభక్తిని కలశమున నింపుకొని కావేరీతీరమునకు కొనిపోయిరి. అచ్చట మూడు తరములు దానిని కాపాడిరి. స్వామివారి సంతానరేఖ ఆగిన నాడు ఆ కలశమును అన్నగారి సంతతి కొంత, శిష్యులు కొంత, సౌరాష్ట్ర గృహస్థులు కొంత, ఒక దేవదాసీ స్త్రీ కొంత మోసిరి. తుదకు దానిలోని జలము కృష్ణాతీరమునకును తిరిగివచ్చినది.

వృద్ధ దాతగారికి నా సమాధానము ఇది. అయ్యా! మీ పిల్లలు దూరదేశమున నున్నారని చింతింపవలదు. కాకర్లవారును ఒకనాడు దూరదేశమునకు పోయినవారే. వారికి మీ గోత్రమును, ఇంటిపేరును, పుట్టిన ఊరి పేరును చెప్పి, ఒక్క నామమును నేర్పి పంపుడు. వారు దీపము పెట్టుదురు. ఒకవేళ వారు పెట్టకపోయినను మీ దీపము ఆరదు. మీరు ఎన్నడును చూడని చేయి యొకటి వచ్చి వత్తి వేయును.

పాత శిలాఫలకమును గూర్చి అడిగినవారికిని ఇదే సమాధానము. ఈ మాటలన్నియు సమావేశమున విన్నవించుకొనగా సమితివారు దయతో అంగీకరించిరి. ఫలకము ముఖమండపపు ఉత్తరపు గోడయందు మరల నిలుపబడినది. దర్శనమునకు వచ్చినప్పుడు దయచేసి ఒక్క నిమిషము దానియెదుట నిలువుడు. అరిగిపోయిన పేరును మీరు చదువలేరు. గోత్రమును చదువగలరు. పూర్ణాహుతినాడు దాతల గోత్రనామములు చదువునప్పుడు మొదటగా ఆ గోత్రమునే పఠించెదను. ఆ మహానుభావుని పక్షమున పీటపై కూర్చుండుటకు వంశీయులు లేరు గనుక, ఆ సమయమున మీరందరును లేచి నిలువవలసినదిగా కోరుచున్నాను.

శ్రీ స్వామివారి కృపచేత మీ కుటుంబములు ఎచ్చట స్థిరపడినను ధర్మమును విడువక వర్ధిల్లుగాక. గ్రామమునకు సకాలమున వర్షములు, పాడిపంటలు కలుగుగాక. దాతలకు ఆయురారోగ్యైశ్వర్యములు చేకూరుగాక.

శుభం భూయాత్.